నువ్వే రాసుకురామ్మా

మిరపకాయ కల్లంలో ఉన్నన్నాళ్ళూ ఆదెయ్య నోటి నుంచి దాని గురించి ఒక్క మంచి మాట రాదు. ఎండకి కాయ గలగలమంటూ, చూసేవాళ్ళ కళ్ళు చెదిరేలా ఎర్రబడి ఉన్నా సరే, ఎవరైనా మెచ్చుకుంటే ఆయన మొహం ముడుచుకుపోతుంది. ఆ మంగళవారం పొద్దున కూడా అంతే. పక్క చేను బాలస్వామి మోటారు సైకిలు ఆపి, "ఏం కాయయ్యా ఆదెయ్యా! రంగు భలే తిరిగిందే!" అన్నాడు.

"ఏం రంగులే! ఎండకట్టా కనపడతంది. సగం తాలే," అన్నాడు ఆదెయ్య.

తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. నిజానికి ఆ కల్లంలో తాలు ఓ మూల చిన్న కుప్ప, అంతే. బాలస్వామికీ ఆ సంగతి తెలుసు. తన పంటని ఎవరైనా పొగిడితే అతనూ ఇదే చెబుతాడు. బండి మలుపు తిరగగానే ఆదెయ్య భార్య పున్నమ్మ గుప్పెడు కాయలు తీసి కల్లం వైపు మూడుసార్లు తిప్పి, తూతూ అని ఉమ్మి, పొయ్యిలో వేయడానికి ఇంటివైపు నడిచింది. చుట్టూ మిరపకాయలే ఉండగా దిష్టి తీయడానికి వేరే సరుకు వెతుక్కోనక్కర్లేదు.

వాళ్ళమ్మాయి భవ్య ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. బాగుందన్న మాట పైకి అంటే ఉన్నది కాస్తా పోతుందని ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. తాలు ఏరుతూ ఏరుతూ దానంతటదే ఒంటబట్టింది. పదో తరగతిలో మండలానికంతా ఫస్టు వచ్చినప్పుడు అడిగినవాళ్ళకల్లా "ఏదో పాసయ్యానండి" అని చెప్పింది. చుట్టాల్లో సగం మంది నిజంగానే అత్తెసరు మార్కులనుకుని, పర్వాలేదులే అని ఓదార్చారు కూడా.

ఆ రోజు ఆమె తండ్రితో కలిసి కల్లంలో కాయ తిరగేసి, స్నానం చేసి, గుంటూరు బస్సెక్కింది. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా చేతులకి ఘాటు పోదు. బస్సులో కన్ను దురద పెడితే భుజానికి రుద్దుకోవడమే.

గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఆమె ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సెమిస్టరు చదువుతోంది. ఇంగ్లండులో ఒక పెద్ద యూనివర్సిటీ జీవశాస్త్రాలు చదివేవాళ్ళకి ఏటా ఇచ్చే వెల్డన్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టింది. అది వస్తే చదువు, బస, ప్రయాణం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే సత్తెనపల్లిలో ఏదో ఒక స్కూల్లో సైన్సు టీచరు. ఆ పని చిన్నదని కాదు. కానీ భవ్యకి పురుగులు కావాలి. భూతద్దం కింద ఒక పురుగు కాలు కదిపితే అన్నం సంగతి మర్చిపోయే రకం ఆమె.

దరఖాస్తులో అన్నీ నింపింది. మిగిలింది ఒక్కటే. ఆమె పనిని స్వయంగా చూసినవాళ్ళు ఎవరైనా ఆమె గురించి ఒక ఉత్తరం రాసి, శుక్రవారం సాయంత్రంలోగా నేరుగా యూనివర్సిటీకి పంపాలి. అలాంటి పెద్దమనిషిగా ఆమె పెట్టుకున్నది తన ప్రాజెక్టు గైడూ, డిపార్టుమెంటు హెడ్డూ అయిన శశిభూషణ్ గారి పేరు. ఆమె స్నేహితురాలు మహతి కూడా అదే స్కాలర్‌షిప్‌కి పెట్టింది, అదే పేరు ఇచ్చింది. ఇద్దరూ కలిసి స్టాఫ్ రూముకి వెళ్ళారు.

శశిభూషణ్ గారు టిఫిను డబ్బా మూత బిగిస్తూ తలెత్తారు. "ఆఁ, వచ్చాయమ్మా ఆ లింకులు నా మెయిల్‌కి. నువ్వే రాసుకురామ్మా భవ్యా. మహతిది కూడా నువ్వే రాసెయ్. నీ ఇంగ్లీషు బాగుంటుంది కదా. నాకు మెయిల్ చేస్తే పెట్టేస్తాను."

"మీరేమైనా పాయింట్లు చెబుతారా సార్?" అంది భవ్య.

"నేనేం చెబుతానమ్మా! నీ గురించి నీకంటే నాకెక్కువ తెలుసా?" అని నవ్వారాయన.

ఇది ఆయనొక్కరి అలవాటు కాదు. మన కాలేజీల్లో రివాజే అంత. ఒకరి గురించి మరొకరు చెప్పాల్సిన మాటని ఆ ఒకరే రాసుకొస్తారు. చెప్పాల్సినవారు సంతకం గీకి పుణ్యం కట్టుకుంటారు. ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తోంది, ఎవరికీ ఇందులో వింత కనిపించదు. తన ఊరి నుంచి వచ్చిన మొదటి ఎమ్మెస్సీ అమ్మాయి భవ్యకి అసలే కనిపించలేదు.

లైబ్రరీలో కూర్చుని ముందు మహతి ఉత్తరం మొదలుపెట్టింది. మహతి చేసింది చేపల మొప్పల్లో పరాన్నజీవుల మీద ప్రాజెక్టు. మంగళగిరిలో బడిపంతులు జానకిరామయ్య గారి కూతురు, పుట్టి బుద్ధెరిగి చేప ముట్టుకోని పిల్ల, ముక్కుకి చున్నీ కట్టుకుని మార్కెట్టులో వారం వారం మొప్పలు ఏరుకుని వచ్చేది. మొదటి నెలంతా వాంతులే. అయినా మానలేదు. ఇదంతా రాస్తుంటే భవ్య వేళ్ళు ఆగలేదు. ఓపిక, తెగువ, చూపు, ఎన్ని మంచి మాటలున్నాయో అన్నీ వచ్చి పడ్డాయి. ఒక్కటీ అబద్ధం కాదు. పూర్తయ్యాక చదువుకుంటే తనకే మహతి మీద ముద్దొచ్చింది.

తర్వాత తన ఉత్తరం. "నేను పాఠం చెప్పిన అత్యుత్తమ విద్యార్థుల్లో భవ్య ఒకరు" అని మొదలుపెట్టి, చుట్టూ చూసి, చెరిపేసింది. ఒంటరిగా గదిలో అద్దం ముందు కిరీటం పెట్టుకున్నట్టుంది. "మంచి విద్యార్థి" అని రాసి, "మంచి" తీసేసి, "క్రమం తప్పక తరగతులకు హాజరయ్యే విద్యార్థి" అని పెట్టింది. వినయం గలది. ఇచ్చిన పని పూర్తి చేస్తుంది. అక్కడితో మాటలు అయిపోయాయి.

కింద ఒక ప్రశ్న ఉంది. ఈ విద్యార్థి సొంతంగా చేసిన పని, మీరు స్వయంగా చూసింది, ఒకటి వివరించండి అని. దాని దగ్గర భవ్య చాలాసేపు కూర్చుండిపోయింది.

సొంత పని లేక కాదు. ఉంది. మిరప పూలల్లో నల్ల తామర పురుగు చేరి చేలకి చేలు ముడుచుకుపోతుంటే, రెండు పంటల కాలం ఆమె వాళ్ళ మండలంలో చేనుచేనూ తిరిగింది. పొద్దున్నే పూవు కింద తెల్ల కాగితం పట్టుకుని వేలితో కొడితే పురుగులు నల్లటి నలుసుల్లా రాలతాయి. లెక్క పెట్టి, పక్క చెట్టుకి పోవాలి. నడుం వంచితే మళ్ళీ గట్టు వచ్చేదాకా ఎత్తేది లేదు. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు సిద్దికా తన స్కూటీ మీద ఆమెని తిప్పేది. అలా తిరగ్గా తిరగ్గా భవ్యకి ఒకటి తట్టింది. గట్ల మీద వయ్యారిభామ మొక్క పూత మీదున్న చేలల్లో పురుగు ముందు దిగుతోంది. గట్టు గీకేసిన చేలల్లో ఆలస్యంగా, తక్కువగా దిగుతోంది. రెండో ఏడు గట్లు గీకించి మరీ చూసింది. నిజమే.

ఆ పని ఈమధ్యే ఒక సైన్సు పత్రికలో పేపరుగా వచ్చింది. పైన శశిభూషణ్ గారి పేరు, పక్కన ఇంకో లెక్చరరు పేరు. చివర్న, చిన్న అక్షరాల్లో, పొలం పనిలో సాయం చేసినందుకు కుమారి భవ్యకి ధన్యవాదాలు. స్టాఫ్ రూము గోడ మీద ఆ పేపరుకి వచ్చిన మెమెంటోతో సారు ఫోటో కూడా ఉంది. ఆయన ఒక్కసారి కూడా ఆ చేలల్లో అడుగు పెట్టలేదు. అప్పుడు భవ్య ఏమీ అనలేదు. ఏదోలే అనుకుంది.

ఇప్పుడూ ఆ ప్రశ్న కింద "డిపార్టుమెంటు చేపట్టిన పొలం సర్వేలో చక్కగా సహకరించింది" అని రాసి ల్యాపుటాపు మూసేసింది.

బస్టాండుకి నడుస్తూ మహతి రెండు ఉత్తరాలూ ఫోనులో చదివింది. తన దాని దగ్గర మొహం వెలిగింది, కళ్ళు తుడుచుకుంది. భవ్య దాని దగ్గర నడక ఆపేసింది.

"ఇదేంటే! కాండక్ట్ సర్టిఫికెట్టా? క్రమం తప్పక హాజరవుతుందా? నువ్వేమైనా వాచ్‌మన్ పోస్టుకి పెట్టావా?"

"ఎక్కువ రాసుకుంటే బాగోదే."

"నా గురించి ఇంత రాసినప్పుడు బాగుందా? ఈ 'సహకరించింది' ఏంటి? ఎవరికి సహకరించావ్? వయ్యారిభామకా?"

భవ్య మళ్ళీ నడక అందుకుంది.

"నిన్నే. ఆ పని నీదని రాయి."

"ఎలా రాయనే? పేపరు సారు పేరు మీదుంది. నా పనంటే, మరి అక్కడ నా పేరెందుకు లేదని వాళ్ళు అడగరా? ఇది రాసేది సారు కదా. సారు గొంతుతో సారు మీదే ఎలా రాస్తాను?"

"నువ్వే రాసుకురమ్మన్నది ఎవరు?" అంది మహతి. మంగళగిరి వైపు బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి అరిచింది: "ఆ చెత్త మాత్రం పంపావంటే నీతో మాట్లాడను!"

మర్నాడు భవ్య కాలేజీకి వెళ్ళలేదు. కల్లంలో ఆడకూలీలతో కలిసి తాలు ఏరుతూ కూర్చుంది. ఎర్రకాయ ఎడమపక్క, తాలు కుడిపక్క. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, బుర్రలో ఒక్కటే గోల. మహతి మీద కోపమొచ్చింది. తర్వాత సారు మీద వచ్చింది. పొద్దెక్కేసరికి తన మీదే వచ్చింది, అది మిగతా రెండింటి కంటే పెద్దది. రెండేళ్ళ పని ఎవరో ఎత్తుకుపోతే ధన్యవాదాలు పుచ్చుకుని ఊరుకుంది ఎవరు? ఎవరూ తన నోరు నొక్కలేదు. తనే మూసుకుంది.

ఆదెయ్య కల్లంలో కాళ్ళతో కాయని పాయలు పాయలుగా దున్నుతూ తిరగేస్తున్నాడు. భవ్య అడిగింది.

"నాన్నా, మన కాయంతా రాత్రికి రాత్రి ఎవడో బస్తాలకెత్తి, వాటి మీద వాడి పేరు రాసుకుని యార్డుకి తోలుకుపోతే ఏం చేస్తావు?"

"నరుకుతా," అన్నాడు ఆదెయ్య, తలెత్తకుండా.

"వాడు పెద్దమనిషైతే?"

"అయితే ఏంది? కాళ్ళకి దణ్ణం పెట్టి నరుకుతా."

కూలీలు పగలబడి నవ్వారు. భవ్య నవ్వలేదు. జరిగింది చెప్పింది. పేపరు సంగతీ, ఉత్తరం సంగతీ, ఆ ప్రశ్న సంగతీ. ఆదెయ్య కాళ్ళు ఆగిపోయాయి. ఆయనకి పేపరంటే ఏమిటో సగమే అర్థమైంది. కానీ ఎండలో కూతురు నడుం పట్టేసి ఇంటికొచ్చి బోర్లా పడుకోవడం, పున్నమ్మ జండూబామ్ రాయడం ఆయన చూశాడు. అది చాలు.

మంచినీళ్ళు తెచ్చిన పున్నమ్మ మాత్రం బెంబేలెత్తింది. "సారుతో పెట్టుకుంటావటే పిల్లా? పరీక్షలు ఆయన చేతిలోనే గదా. సర్దుకుపో తల్లీ. ఎవుళ్ళ పేరుంటే ఏంది, పురుగు పోతే చాల్లే."

"పురుగు పోయిందమ్మా. పేరే రాలేదు," అంది భవ్య.

చేతులు కడుక్కుని, అరుగు మీద ల్యాపుటాపు పెట్టుకుని, నిన్నటి ఉత్తరం మొత్తం చెరిపేసింది. ఒక చిన్న ఉపాయం చేసింది. ఇది మహతి గురించి అనుకుంది. రెండేళ్ళు నడుం వంచి పూలు కొట్టింది మహతి. గట్ల మీద మొక్కని అనుమానించింది మహతి. అంతే, వేళ్ళు పరిగెత్తాయి. చివర్న మహతి తీసేసి భవ్య అని పెట్టింది. ఆ ప్రశ్న కింద, శశిభూషణ్ గారి గొంతుతో, ఇలా రాసింది: ఈ పని మొదటి నుంచి చివరిదాకా భవ్యది. నా పేరుతో వచ్చిన పేపర్లో ఆమె పేరు మొదట ఉండాలి. లేకపోవడం న్యాయం కాదు.

మహతి ఉత్తరంతో పాటు ఆయనకి మెయిల్ చేసింది.

గురువారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆయనతో పాటు ఒక మేడం ఉన్నారు, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ. శశిభూషణ్ గారు భవ్యని చూసి హుషారుగా ఫోను తీశారు. "మహతిది పొద్దునే పెట్టేశానమ్మా. నీదీ ఇప్పుడే పెట్టేద్దాం, నీ ఎదురుగానే. ఎలా చేయాలో చూడు, మళ్ళీ ఏ గళ్ళోనో తప్పు పెడతాను."

ఆమె మెయిలు తెరిచి, వేలితో నొక్కిపట్టి మొత్తం కాపీ చేసి, లింకులో అతికించారు. చదవలేదు. ఎప్పుడూ చదవరు. పిల్లల మీద ఆయనకి అంత నమ్మకం, లేదా అంత బద్ధకం, ఏదైనా అనుకోవచ్చు. బొటనవేలు "పంపు" అన్న బొత్తాం మీదికి వెళ్ళింది.

ఇప్పుడు తను నోరు మెదపకుండా నించుంటే చాలు. ఉత్తరం ఆయన పేరుతో, ఆయన చేత్తోనే వెళ్ళిపోతుంది. ఆయనకి ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. కానీ చదవని మనిషి పేరుని అలా వాడుకుంటే, తనకీ ఆయనకీ తేడా ఏముంది? ఆయన మొహం మీద చెప్పాల్సింది ఆయన వీపు వెనక చెప్పడం ఏం బతుకు?

"చదవండి సార్," అంది.

"ఎందుకమ్మా, నువ్వు రాస్తే బాగానే ఉంటుంది."

"లేదు సార్. చదివి పంపండి."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. పెదాలు కదుపుతూ చదివారు. ఒకచోట పెదాలు ఆగాయి. మళ్ళీ పైకి వెళ్ళి అదే చోటికి వచ్చారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఇది నేను రాసినట్టుందా?"

"మీరు రాయమన్నారు సార్."

"నా మీద నేనే ఫిర్యాదు రాసుకుంటానా?" ఆయన గొంతు పెంచలేదు, మేడం ఉన్నారని. "గైడు పేరు పైన ఉండటం ఎక్కడైనా ఉన్నదే. డిపార్టుమెంటు పని అది."

"నా పేరు పైన వేయమనలేదు సార్ అప్పుడు. అసలు వేయలేదు కదా. మీరు ఒక్కరోజైనా చేలోకి వచ్చారా సార్?"

పక్క బల్ల దగ్గర ఎర్ర పెన్ను ఆగింది. శశిభూషణ్ గారు మేడం వైపు చూసి, మళ్ళీ భవ్య వైపు తిరిగారు. ఆయన మొహంలో ఇప్పుడు కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

"చూడమ్మా. నా పీహెచ్‌డీ రోజుల్లో మా గైడు నా పనిని తన పేరుతో రెండు పేపర్లు వేసుకున్నాడు. నేను కిక్కురుమనలేదు. అందుకే ఇవాళ ఈ కుర్చీలో ఉన్నాను. నీ మేలు కోరి చెబుతున్నా. ఆ మూడు లైన్లూ తీసెయ్. మిగతాదంతా ఎంత పొగుడుకున్నా సరే, కళ్ళు మూసుకుని పంపుతా."

మూడు లైన్లు. అవి తీసేస్తే హెడ్డు గారి పేరుతో, కాలేజీ ముద్రతో, మంచి మాటలన్నీ వెళతాయి. తీయకపోతే ఏమీ వెళ్ళదు. అది భవ్యకి స్పష్టంగా తెలుసు.

"కళ్ళు తెరిచి పంపితేనే పంపండి సార్," అంది.

"వచ్చే నెలలో నీకు ప్రాక్టికల్స్ ఉన్నాయి, గుర్తుందా?"

"ఉంది సార్."

దణ్ణం పెట్టి బయటికొచ్చింది. మెట్లు దిగి, సైకిల్ స్టాండు దాటి, గేటు బయట సోడా బండి దగ్గర ఆగింది. సోడా తాగుతూ ఏడ్చింది. బండివాడు ఘాటెక్కిందనుకుని ఇంకో గ్లాసు మంచినీళ్ళిచ్చాడు.

ఆ సాయంత్రం ఆదెయ్య ఆమె కోసం బస్సు దిగే చోటికే వచ్చాడు. ఎప్పుడూ రాడు.

"ఏమన్నాడు?"

"ఆ మాటలు తీసెయ్యమన్నాడు."

"తీశావా?"

"లేదు."

ఆదెయ్య అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరని తేల్చుకున్నాక గొంతు తగ్గించి, "మంచి పని చేశావు," అన్నాడు. పుట్టి ఇన్నేళ్ళలో తండ్రి నోట ఆ మాట వినడం భవ్యకి అదే మొదలు. "అన్నం తిన్నావా?" అని అడిగింది.

శుక్రవారం పొద్దున దరఖాస్తు పేజీ తెరిచి, ఇన్నాళ్ళూ సగం చదివి వదిలేసిన షరతుల్ని ఆసాంతం చదివింది. ఉత్తరం రాసేవారు విద్యార్థి పనిని స్వయంగా చూసినవారై, ఉద్యోగరీత్యా దానితో సంబంధం ఉన్నవారై ఉండాలి. అంతే. ప్రొఫెసరై ఉండాలని లేదు. డాక్టరేటు ఉండాలని లేదు. అది తనకు తానే అనుకుంది. పేరు మార్చే బొత్తాం కూడా పక్కనే ఉంది. శశిభూషణ్ అన్న పేరు తీసేసి, సిద్దికా పేరూ ఆఫీసు మెయిలూ పెట్టి, రైతు సేవా కేంద్రానికి పరిగెత్తినట్టే నడిచింది.

సిద్దికా బల్ల మీద కంప్యూటరుతో కుస్తీ పడుతోంది. చుట్టూ యూరియా బస్తాలు, గోడకి పురుగుల బొమ్మల చార్టు. విషయం విని గుడ్లు తేలేసింది.

"నేనా? ఇంగ్లండుకా? నాది డిప్లొమానే తల్లీ! నా ఇంగ్లీషు చూసి వాళ్ళు స్కాలర్‌షిప్ మూసేస్తారు."

"నువ్వే చూశావక్కా నా పని. ఇంకెవరూ చూడలేదు."

సిద్దికా కుర్చీ ఆమె వైపు తిప్పింది. "నీ సారు?"

భవ్య చెప్పింది. అంతా విన్నాక సిద్దికా, "వాడి బండ బడ!" అని మాత్రం అంది, కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆఫీసు మెయిలు పాస్‌వర్డు గుర్తు రాలేదు. సొరుగులు వెతికింది, పక్క ఊరి సహాయకుడు కోటేష్‌కి ఫోను చేసి తిట్టించుకుంది, చివరికి కొత్తది పెట్టుకుంది. లింకు తెరుచుకుంది. ఆ ప్రశ్న వచ్చింది. ఈ విద్యార్థి సొంతంగా చేసిన పని.

"నువ్వు లే అక్కా, నేను టైపు చేసిస్తా. నా దగ్గర రాసిందే ఉంది, కాస్త మారిస్తే చాలు," అంటూ భవ్య కీబోర్డు మీదికి వంగింది.

సిద్దికా ఆమె చెయ్యి మీద ఒక్కటి వేసింది. గట్టిగానే.

"సిగ్గు లేదటే నీకు? ఇప్పటిదాకా దేని గురించి పోట్లాడొచ్చావు? నీ గురించి నువ్వే రాసుకుంటే ఇంక నేనెందుకిక్కడ? బస్తాలు మొయ్యడానికా?"

భవ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. నిజంగా సిగ్గేసింది. అంత రభస చేసి వచ్చిన తను, కుర్చీ దొరకగానే మళ్ళీ అదే పని చేయబోయింది.

"నీ ఇంగ్లీషులో తప్పులు..."

"నా తప్పులు నావి. బయటికి నడువు. నీ గురించి రాసేటప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. నడు!"

భవ్య బయట వరండాలో బస్తాల మీద కూర్చుంది. లోపల నుంచి కీబోర్డు చప్పుడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. మధ్య మధ్య కిటికీలోంచి కేకలు.

"ఒసే, వాన పడ్డ రోజు స్కూటీ బురదలో దిగబడింది ఎవరి చేలో?"

"ప్రభు బాబాయ్ చేలో!"

"వయ్యారిభామని ఇంగ్లీషులో ఏమంటారే?"

భవ్య చెప్పింది. అక్షరం అక్షరం చెప్పింది. యూరియా కోసం వచ్చిన ఒక ముసలాయన తలుపు దగ్గరికి వెళితే, "కూర్చో పెదనాన్నా, పనిలో ఉన్నా!" అని లోపల్నుంచి అరుపు. ఆయన వచ్చి భవ్య పక్కన కూర్చున్నాడు.

ఫోను మోగింది. శశిభూషణ్ గారు.

"అమ్మా, ఇవాళే ఆఖరు రోజు కదా. నేనే కొంచెం మార్చాను. 'ఆమె ముఖ్యమైన సహకారం అందించింది' అని పెట్టాను. ముఖ్యమైన అని. ఇంతకంటే నేను చేయలేను. పంపేద్దామంటే లింకు పనిచేయట్లేదేంటి?"

"మీ పేరు తీసేశాను సార్."

"మరి ఎవరు రాస్తున్నారు?" అన్నారు. ఆ గొంతు హెడ్డు గారిది కాదు, ఎవరో మామూలు మనిషిది.

"చేలోకి వచ్చినవాళ్ళు సార్."

"ప్రాక్టికల్స్‌లో బయటి కాలేజీ ఎగ్జామినర్ కూడా ఉంటాడు. నేను కాపాడాలన్నా కాపాడలేను."

"కాపాడొద్దు సార్. పురుగుల మీదే కదా అడుగుతారు. ఎంతమందైనా, ఎన్నైనా అడగండి. చెబుతాను."

ఫోను పెట్టేసింది. పక్కనున్న ముసలాయన, "ఎవరమ్మా?" అన్నాడు. "మా సారు తాతా," అంది.

కీబోర్డు చప్పుడు ఆగింది. సిద్దికా చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"పంపేశా. వెళ్ళిందని కూడా వచ్చింది."

భవ్య లేచి నిలబడింది. స్కూలు మొదలు ఇప్పటిదాకా తన గురించి ఎక్కడికి ఏ కాగితం వెళ్ళినా అది తను రాసిందే. ఇది మాత్రం తను చూడలేదు. ఇకమీదటా చూడదు. ఆ ఉత్తరంలో ఏముందో ఇంగ్లండులో ఎవరో చదువుతారు, తనకి ఒక్క ముక్క తెలియదు. భయమేసింది. సంతోషంగానూ ఉంది, ఏది ఎక్కువో చెప్పలేనంతగా.

"ఏం రాశావక్కా?"

"నీకు చూపించకూడదంట, అక్కడ రాసుంది."

"ఒక్క ముక్క చెప్పు. ఆ ప్రశ్న కింద ఏం రాశావ్? సొంత పని అని ఉంది చూడు, దాని కింద."

సిద్దికాకి ఆ అడగడమే అర్థం కాలేదు. అంతకంటే తేలికైన ప్రశ్న ఆ కాగితం మొత్తంలో ఇంకోటి లేదన్నట్టు చూసింది.

"పని ఎవరిదని అడిగారు, నీదని రాశా," అంది. "దానికింత గొడవెందుకే?" అని, యూరియా కోసం వచ్చిన పెదనాన్నని లోపలికి పిలిచింది.